మధుమేహమని తెలిసిన పిమ్మట

శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములు గల ప్రాంతమునకు ఉద్దానమని పేరు. కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండియుండుటచే, ఉద్యానము అను మాట నుండియే ఈ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఈ గ్రామములలో నేడు ఆశా కార్యకర్తలును, ఆరోగ్య సిబ్బందియు 30 ఏండ్లు నిండిన స్త్రీపురుషులకు రక్తపు పోటును, రక్తములోని చక్కెరను పరీక్షించుచున్నారు. ఏ బాధయు లేక పొలము పనులు చేసికొనుచున్న మనిషికి, వ్రేలి కొన నుండి తీసిన ఒక్క రక్తపు బొట్టుతో, "నీకు షుగరు ఉన్నట్లున్నది; ఆసుపత్రికి వెళ్ళి నిర్ధారణ చేయించుకొనుము" అను మాట వినవచ్చుచున్నది.

ఈ మాట విన్నవారిలో కొందరు నమ్మరు. కొందరు భయపడి మంచము పట్టుదురు. మరికొందరు ఇంటిలోని వారికి సైతము చెప్పక దాచి పెట్టుదురు. మాత్రలు తెచ్చుకొని పది దినములు వాడి, ఒంట్లో బాగున్నదని మానివేయువారును కలరు. ఈ నాలుగు విధములైన నడవడికలలో ఏదియు రోగికి మేలు చేయదు. వ్యాధి బయటపడిన తొలి మాసములలో రోగియు, కుటుంబమును, గ్రామమును ఎట్లు వ్యవహరింతురను దానిపై ముందు ఇరువది ఏండ్ల ఆరోగ్యము చాలవరకు ఆధారపడియుండును. కనుక ఈ విషయమును పంచాయతీ సభ్యులు తెలిసికొని యుండుట అవసరము.

రెండు వ్యాధులను ఒకటిగా తలపరాదు

ఉద్దానములో షుగరు అను మాట వినగానే మనస్సు మూత్రపిండముల జబ్బు మీదికి పోవును. ఇందులో ఆశ్చర్యము లేదు. కొన్ని దశాబ్దములుగా ఈ ప్రాంతమున అనేక కుటుంబములు మూత్రపిండముల వ్యాధి వలన తమ వారిని పోగొట్టుకొన్నవి. డయాలసిస్ కొరకు వారమునకు రెండు మూడు సార్లు ప్రయాణము చేయు వారిని చూడని గ్రామము అరుదు. కాబట్టి క్రొత్తగా మధుమేహము బయటపడిన వ్యక్తి, తనకును అదే గతి పట్టునని తలచుట సహజము.

అయితే ఈ రెండును వేరు వేరు వ్యాధులు. ఉద్దానములో విశేషముగా కనబడు మూత్రపిండముల జబ్బు, మధుమేహము గాని, దీర్ఘకాలపు రక్తపు పోటు గాని లేనివారికే ఎక్కువగా వచ్చుచున్నది. దానిని శాస్త్రజ్ఞులు కారణము తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిగా వర్గీకరించినారు. నీటిలోని పదార్థములు, ఎండలో నీరు త్రాగక శ్రమించుట, పురుగు మందులు మున్నగు వానిని గూర్చి పరిశోధనలు జరుగుచున్నవి. మధుమేహము వలన వచ్చు మూత్రపిండముల నష్టమునకు మాత్రము కారణము తెలియును. అది సాధారణముగా ఏండ్ల తరబడి చక్కెర అదుపు తప్పియున్న మీదట వచ్చును; ముందుగా పసిగట్టుటకు పరీక్షలును, ఆలస్యము చేయుటకు మందులును కలవు.

అనగా షుగరు వచ్చిన ప్రతివానికి మూత్రపిండములు చెడవు. షుగరు లేని వానికి అవి చెడవనియు చెప్పరాదు. ఈ భేదము తెలిసిన రోగి సగము భయము నుండి విముక్తుడగును. కాని ఉద్దానవాసికి ఒక అదనపు జాగ్రత్త అవసరము. ఇక్కడ మూత్రపిండములకు వేరొక ముప్పు ఇదివరకే ఉన్నది గనుక, మధుమేహమను రెండవ భారమును వానిపై మోపకుండ చూచుకొనవలెను.

వ్యాధి స్వరూపము

మనము తినిన అన్నము జీర్ణమై గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తములో చేరును. ఆ చక్కెరను శరీరములోని కణములు గ్రహించుటకు క్లోమగ్రంథి నుండి వెలువడు ఇన్సులిన్ తోడ్పడును. ఇన్సులిన్ చాలకపోయినను, ఉన్న ఇన్సులిన్ సరిగా పనిచేయకపోయినను, చక్కెర రక్తములోనే నిలిచిపోవును. ఇదియే మధుమేహము. అతిదాహము, మాటిమాటికి మూత్రము పోవుట, కారణము లేక బరువు తగ్గుట, పుండ్లు మానకపోవుట దీని లక్షణములు. అయితే పెద్దవారిలో చాలమందికి తొలి సంవత్సరములలో ఏ లక్షణమును కనబడదు. ఒంట్లో బాగున్నది గనుక జబ్బు లేదని అనుకొనుట ఇందువలననే పొరపాటగుచున్నది.

వ్రేలి కొన పరీక్ష అనుమానమునకు మాత్రమే చాలును. నిర్ధారణకు రక్తనాళము నుండి తీసిన రక్తమును ప్రయోగశాలలో పరీక్షింపవలెను. ఎనిమిది గంటలకు తక్కువ కాకుండ ఏమియు తినక యున్నపుడు డెసిలీటరు రక్తములో చక్కెర 126 మిల్లీగ్రాములు, లేక అంతకు మించి యున్నచో అది మధుమేహము. 75 గ్రాముల గ్లూకోజు త్రాగించిన రెండు గంటలకు 200, లేక అంతకు మించియున్నను మధుమేహమే. గడచిన రెండు మూడు మాసముల సగటును తెలుపు హెచ్‌బిఎ1సి అను పరీక్షలో 6.5 శాతము, లేక అంతకు మించియుండుటయు మధుమేహ చిహ్నమే. లక్షణములు లేనిచో మరియొక పరీక్షతో దానిని ధ్రువపరచుకొందురు. మొదటి ఫలితమును నమ్మలేని వానితో వాదింపనక్కరలేదు. రెండవ పరీక్షకు తీసికొనిపోయిన చాలును.

ఇది అంటువ్యాధి కాదు, పాపఫలమును కాదు. తల్లిదండ్రులలో ఎవరికైన ఉన్నచో వచ్చు అవకాశము హెచ్చును. నడుము చుట్టు క్రొవ్వు పెరుగుట, శరీరశ్రమ తగ్గుట, పాలిష్ పట్టిన బియ్యమే ప్రధానాహారమగుట కూడ ఇందుకు దోహదము చేయును. మన దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన దేశవ్యాప్త సర్వే 2023లో అంచనా వేసినది. ఇంతమందికి ఉన్న జబ్బును దాచుకొనవలసిన పని లేదు.

పిల్లలకును, యువకులకును వచ్చు మధుమేహము చాలవరకు వేరు రకము. వారి శరీరములో ఇన్సులిన్ దాదాపు ఉత్పత్తియే కాదు. వారికి మొదటి దినము నుండి ఇన్సులిన్ సూదిమందు ప్రాణాధారము. ఒక్క దినమైనను మానరాదు. గర్భిణులలో కనబడు మధుమేహమునకు కూడ వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి.

తొలి సంవత్సరముల విలువ

ఇప్పుడు బాధ లేదు గదా, బాధ వచ్చినపుడు మందు వాడుదమని కొందరందురు. దీనికి తగిన సమాధానము బ్రిటన్‌లో జరిగిన ఒక దీర్ఘ పరిశోధనలో లభించినది. అక్కడి 23 ఆసుపత్రులలో 1977 నుండి 1991 వరకు, క్రొత్తగా మధుమేహము బయటపడిన ఐదు వేలకు పైగా రోగులను చేర్చుకొని, సుమారు పదేండ్లు గమనించిరి. 1998లో ఫలితములు వెలువడినవి. చక్కెరను గట్టిగా అదుపులో ఉంచుకొనిన వారికి, కన్నులు, మూత్రపిండములు మున్నగు వానిలోని సన్నని రక్తనాళములకు సంబంధించిన కీడు నాలుగవ వంతు తగ్గినట్లు తేలినది. రక్తపు పోటును అదుపులో ఉంచుకొనిన వారికి పక్షవాతమును, మరణములును తగ్గినవి. పరిశోధన ముగిసిన పదేండ్లకు, 2008లో మరల చూచినపుడు, తొలుత చక్కెరను అదుపు చేసికొనిన వారికి ఆ మేలు ఇంకను నిలిచియే యున్నది. మొదటి వానకు దున్నిన దుక్కి వలె, తొలి సంవత్సరముల జాగ్రత్త పైరు చేతికి వచ్చువరకు పనికివచ్చును.

మూత్రపిండములను కాపాడుకొనుట

మూత్రపిండములలోని సన్నని జల్లెడల వంటి భాగములు రక్తమును వడపోయును. చక్కెరయు, రక్తపు పోటును ఎక్కువగా ఉన్నచో ఆ జల్లెడలు పాడై, శరీరములో నిలువవలసిన ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రములోనికి జారిపోవును. ఈ దశలో రోగికి ఏ బాధయు ఉండదు. మూత్రములో ఆల్బుమిన్ పరీక్షయు, రక్తములో క్రియాటినిన్ పరీక్షయు చేసిననే తెలియును. మధుమేహము నిర్ధారణ అయిన వెంటనే ఒకమారు, పిదప ఏటేట ఒకమారు ఈ రెండు పరీక్షలు చేయించుకొనవలెను. ఆల్బుమిన్ కనబడినచో, అప్పుడే మొదలిడిన మందులు మూత్రపిండముల క్షీణతను మందగింపజేయును.

ఉద్దానములో మరి మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను.

మొదటిది, ఒళ్ళు నొప్పుల మాత్రలు. కొబ్బరి చెట్లెక్కువారు, జీడిపిక్కలు ఒలుచువారు, కూలి పనులు చేయువారు సాయంకాలము దుకాణములో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కొని మ్రింగుట కలదు. ఇవి మూత్రపిండములకు కీడు చేయును. ఎండలో నీరు త్రాగక శ్రమించిన దినమున ఆ కీడు మరింత హెచ్చు. వైద్యుని అడిగి, తగిన మందునే వాడవలెను.

రెండవది, పేరు లేని పొడులు, కషాయములు. షుగరును పదిహేను దినములలో సమూలముగా పోగొట్టెదమని చెప్పి అమ్ము మందులలో ఏమి కలిసియున్నదో అమ్మువానికే తెలియకపోవచ్చును. ఏ పద్ధతికి చెందిన వైద్యమైనను, అర్హతగల వైద్యుని చేతి మీదుగానే పొందవలెను.

మూడవది, చక్కెర తనంతట తాను పడిపోవుట. మూత్రపిండములు బలహీనమైనచో, ఇన్సులిన్‌యు, కొన్ని మాత్రల ప్రభావమును శరీరములో ఎక్కువ కాలము నిలుచును. మందులు ముందటివే యుండి, తిండియు తగ్గకయే, చక్కెర తరచుగా పడిపోవుచున్నచో జబ్బు నయమైనదని సంతోషింపరాదు. వెంటనే క్రియాటినిన్ పరీక్ష చేయింపవలెను.

ఇంటి భోజనములోనే మార్పు

మధుమేహమునకు ప్రత్యేకమైన వంట అక్కరలేదు. ఇంటిల్లిపాదియు తినదగిన భోజనమే రోగికిని తగును. పళ్ళెములో సగము ఆకుకూరలు, కాయకూరలు ఉండవలెను. పావు వంతు పప్పు, ఉలవలు, చేపలు, గ్రుడ్లు వంటివి, మిగిలిన పావు వంతు అన్నము ఉండవలెను. సముద్రతీర గ్రామములలో దొరకు చేపలు మంచి ఆహారము. నూనెలో వేచుటకంటె పులుసుగా వండుట మేలు.

చోళ్ళు తిన్నచో షుగరు రాదనియు, చోడి అంబలి ఎంత త్రాగినను దోషము లేదనియు కొందరి నమ్మకము. చోళ్ళలో పీచును, సున్నమును ఉండుట నిజమే గాని, పిండిపదార్థమును కలదు. పలుచని అంబలి త్వరగా జీర్ణమై చక్కెరను పెంచును. పరిమాణము తప్పక చూచుకొనవలెను. పంచదార మాని బెల్లమో, తాటిబెల్లమో వాడుటయు అట్టిదే, రెండును చక్కెరలే.

పండిన పనస తొనలు తీపి గనుక ఒకటి రెంటితో ఆపవలెను. పనసకాయ కూర తినవచ్చును గాని, ఆ పూట అన్నము తగ్గింపవలెను. జీడిపప్పు గుప్పెడు లోపల తినిన దోషము లేదు. కొబ్బరినీరు విషయమున జాగ్రత్త అవసరము. అందులో పొటాషియమను లవణము ఎక్కువ. మూత్రపిండములు బాగున్నవాడు ఎప్పుడైన ఒక బొండాము త్రాగవచ్చును. మూత్రపిండములు బలహీనమైన వానికి అది ప్రమాదకరము. అట్టివారు వైద్యుని అడుగనిదే త్రాగరాదు. ఊరగాయలు, ఉప్పు చేపలు తగ్గించినచో రక్తపు పోటు అదుపులో ఉండుటకు వీలగును.

వారములో ఐదు దినములు, దినమునకు అరగంట చొప్పున వడిగా నడువవలెను. పొలము పని ఉన్న కాలములో శరీరశ్రమ కలుగును గాని, పని లేని మాసములలో నడక మానరాదు. పాదములలో స్పర్శ తగ్గు అవకాశమున్నందున చెప్పులు లేక తోటలలో తిరుగరాదు. ప్రతి రాత్రియు పాదములను కడిగి, తుడిచి, పుండ్లు, బొబ్బలు ఉన్నవేమో చూచుకొనవలెను. ఏటేట కన్నుల లోపలి పొరను పరీక్షింపజేయవలెను. పొగాకును, చుట్టను పూర్తిగా విడువవలెను.

మందులను గూర్చిన భయములు

మాత్రలు మొదలిడినచో జన్మాంతము వాడవలెనని కొందరు వానిని అసలే ముట్టరు. నిజమునకు మందుల అవసరము రోగి స్థితిని బట్టి హెచ్చుతగ్గులగును. క్రొత్తగా వ్యాధి వచ్చి, స్థూలకాయులైన వారిని గూర్చి బ్రిటన్‌లో జరిగిన ఒక ప్రయోగము 2017లో వెలువడినది. వైద్యుల పర్యవేక్షణలో బరువు తగ్గించు చికిత్స పొందిన వారిలో దాదాపు సగము మందికి ఒక ఏడాది నాటికి మాత్రలు లేకయే చక్కెర మధుమేహ స్థాయికి దిగువకు వచ్చినది. ఇది అందరికిని, ముఖ్యముగా బక్కపలుచని వారికి వర్తింపదు. మాత్రలు తగ్గించుట, మానుట వైద్యుడు నిర్ణయింపవలసినవే.

మెట్‌ఫార్మిన్ అను మాత్రను ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాన్ స్టెర్న్ మధుమేహమునకు వాడి 1957లో ఫలితములు ప్రకటించెను. నేటికిని చాలమందికి మొదట ఇచ్చు మందు ఇదియే. చవకయైనది. మూత్రపిండముల శక్తిని బట్టి దాని మోతాదు నిర్ణయింతురు. ఇన్సులిన్ విషయమై మరియొక అపోహ కలదు. సూదిమందు చెప్పినారనగా చివరి దశ వచ్చినట్లని భయపడుదురు. కెనడాలో టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు 1921లో దీనిని కనుగొనిరి. 1922 జనవరిలో మొదటి రోగికి ఇచ్చిరి. అంతకు ముందు ఆ రకపు వ్యాధి వచ్చిన పిల్లలు కొద్దికాలములోనే మరణించెడివారు. ఇన్సులిన్ ప్రాణము నిలుపుటకు వచ్చిన మందే గాని, ప్రాణాంత సూచన కాదు.

మందు వేసికొని భోజనము మానరాదు. ఒళ్ళు చెమటలు పట్టుట, చేతులు వణకుట, విపరీతమైన ఆకలి, మాట తడబడుట చక్కెర పడిపోయిన గురుతులు. వెంటనే మూడు చిన్న చెంచాల పంచదారను నీటిలో కలిపి త్రాగవలెను. పదిహేను నిమిషములలో తెరపి రానిచో మరల త్రాగవలెను. తెరపి వచ్చిన పిదప భోజనము చేయవలెను. స్పృహ తప్పిన వాని నోటిలో ఏమియు పోయరాదు. 108 వాహనమును పిలువవలెను.

కుటుంబము చేయవలసినది

జబ్బు బయటపడిన మనిషి లోలోపల బాధపడుట సహజము. "ఇక నేను పనికిరాను" అను తలంపు, పిల్లల పెండ్లి సంబంధములు చెడునేమో అను శంక, మందుల ఖర్చును గూర్చిన దిగులు అతనిని వేధించును. అట్టి వానిని అడుగడుగునకు "అది తినకు, ఇది తినకు" అని మందలించుటయు, విందులో అందరి ఎదుట అతని విస్తరిని ఎత్తి చూపుటయు తగదు. కుటుంబమంతయు అన్నము కొంచెము తగ్గించి కూర పెంచినచో, రోగి ఒంటరి కాడు. ఇంటిలో స్త్రీకి జబ్బు వచ్చినపుడు ఈ శ్రద్ధ మరింత అవసరము. అందరికి పెట్టి, మిగిలిన అన్నముతో కడుపు నింపుకొను ఇల్లాలికి వేళకు భోజనము, వేళకు మందు ఇంటివారు చూచిననే జరుగును. నిద్ర పట్టక, దేని మీదను ఆసక్తి లేక వారముల తరబడి క్రుంగియున్నచో దానినికూడ వైద్యునికి చెప్పవలెను.

పంచాయతీల కర్తవ్యము

1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. అందు త్రాగునీరును, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములతో సహా ఆరోగ్యమును, పారిశుద్ధ్యమును చేరియున్నవి. కాబట్టి ఇది ఆసుపత్రి వారి పని మాత్రమే అని అనుకొనరాదు. పంచాయతీ సభ్యుడు ధనము వ్యయము చేయకయే చేయదగిన పనులు పెక్కు కలవు.

పరీక్షల దినమును ముందుగా దండోరా వేయించి తెలుపవలెను. పొలము పనులకు, జీడి కర్మాగారములకు పోవువారికి వీలగు వేళ నిర్ణయింపవలెను. ఒకరి పరీక్షా ఫలితమును రచ్చబండ మీద చెప్పుకొనకుండ చూడవలెను. గుట్టు నిలుచునను నమ్మకము లేనిచో పరీక్షకు ఎవరును ముందుకు రారు. సభ్యులు తామే మొదట పరీక్ష చేయించుకొనినచో తక్కిన వారి సంకోచము తగ్గును.

మాత్రలు అయిపోయినను మరల ఆసుపత్రికి వెళ్ళని వారెవరో ఆశా కార్యకర్తకు తెలియును. వృద్ధులు, ఒంటరి స్త్రీలు, నడువలేనివారు ఆ విధముగా నిలిచిపోయినచో వారికి తోడు ఏర్పాటు చేయవలెను. ఆరోగ్య కేంద్రములో మందులు గాని, మూత్రములో ఆల్బుమిన్ పరీక్ష గాని లేనిచో, గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీలో చర్చించి, వ్రాతమూలముగా పై అధికారులకు తెలుపవలెను. పని కొరకు దూర రాష్ట్రములకు వలస పోవువారు తమ జబ్బు పేరు, మందుల పేర్లు, మోతాదులు వ్రాసిన చీటిని, తగినన్ని మాత్రలను వెంట తీసికొనిపోవునట్లు చెప్పవలెను.

మూత్రపిండములకు సంబంధించి అనుమానము కలిగినచో ఇప్పుడు దూరము పోనవసరము లేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును 2023 డిసెంబరు 14న ప్రారంభింపబడినవి. వంశధార మీది హిరమండలం జలాశయము నుండి ఉద్దానమునకు త్రాగునీరు తెచ్చు పథకమును ఆ దినముననే ప్రారంభించిరి. ఇట్టి సౌకర్యములు ఎన్ని యున్నను, తన జబ్బును దాచుకొనిన మనిషికి అవి ఉపయోగపడవు.

గ్రామములో ఎవరికైన మధుమేహము ఉన్నదని తెలిసినపుడు పంచాయతీ సభ్యుడు అతనిని అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. రెండవ పరీక్షతో ధ్రువపరచుకొంటివా? మూత్రములో ఆల్బుమిన్, రక్తములో క్రియాటినిన్ చూపించుకొంటివా? మందులు ఎన్ని దినములకు ఉన్నవి? ఇంటిలో ఎవరికైన చెప్పితివా? ఈ నాలుగింటికి సరియైన సమాధానము చెప్పగల రోగి తన వ్యాధితో కలిసి బ్రతుకుట నేర్చినవాడు. చెప్పలేని వానిని ఆసుపత్రి వాకిలి వరకు తోడుకొనిపోవుట గ్రామ పెద్దల విధి.